రొమాన్స్ సిరీస్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి, ఎప్పుడు వదిలేయాలి

నేను చదివిన మొదటి రొమాన్స్ సిరీస్‌ని మూడో పుస్తకంతో మొదలుపెట్టాను. కావాలని కాదు, అట్ట మీద పుస్తకం పేరు అరచేతంత ఉంటే సిరీస్ పేరు చీమ తలకాయంత ఉంది, నంబరైతే లోపలెక్కడో కాపీరైట్ లైన్ల మధ్య దాక్కుంది. మొదటి నలభై పేజీలు బాగానే నడిచాయి. సైకిళ్లు బాగుచేసే హీరో, మోకాలు దెబ్బతిని పరుగు పందేలు మానేసిన హీరోయిన్, ఇద్దరూ ఒకే మేడ మీద పక్కపక్క వాటాల్లో అద్దెకుంటారు, గోడకి అటు అలారం మోగితే ఇటువాళ్లు నిద్ర లేస్తారు. తర్వాత హీరో అన్నదమ్ములు, వాళ్ల భార్యలు అందరూ ఒకచోట చేరిన సీన్ వచ్చింది. ఎవరో "నిచ్చెన సంగతి గుర్తుందా" అన్నారు. అంతే, అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, పెద్ద వదిన ముఖం ఎర్రబడింది, చిన్న తమ్ముడు మాత్రం నవ్వకుండా లేచి బయటికెళ్లిపోయాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లికెళ్లి ఫొటోలో నిలబడ్డట్టయింది నా పని.

పోనీ అక్కడ ఆపి మొదటి పుస్తకానికి వెళ్లానా అంటే వెళ్లలేదు, మొండిగా పూర్తి చేశాను, అది ఇంకో తప్పు, ఎందుకంటే మొదటి రెండు జంటలకి ఎంతమంది పిల్లలో, వాళ్ల పేర్లేంటో కూడా నాకు ముందే తెలిసిపోయింది. కాబట్టి కింద రాసేవన్నీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే.

ముందు ఇది ఏ రకం సిరీసో తేల్చుకోండి

రొమాన్స్‌లో సిరీస్ అనే ఒక్క మాటని కనీసం మూడు వేర్వేరు వాటికి వాడేస్తారు, తికమకంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక రకంలో ఒకే జంట కథ రెండు మూడు పుస్తకాల పొడవునా సాగుతుంది, రెండే ఉంటే డ్యూయెట్ అంటారు. ఇంకో రకంలో పుస్తకానికో జంట ఉంటుంది, వాళ్లంతా అన్నదమ్ములో, ఒకే ఆఫీసు స్నేహితురాళ్లో, ఒకే టీమ్‌లో ఆడే ఆటగాళ్లో అయి ఉంటారు, ఒకరి కథలో ఇంకొకరు వచ్చి పోతుంటారు. ఇప్పుడొస్తున్న సమకాలీన రొమాన్స్ సిరీసుల్లో బాగా కనిపించేది ఈ రెండో రకమే.

మూడోది పాత పద్ధతి. 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్, 1949లో కెనడాలో మొదలై 1971లో దాన్ని కొనేసిన హార్లెక్విన్, ఈ సంస్థలు నెలనెలా నంబర్లు వేసి పుస్తకాలు తెస్తాయి. ఆ నంబరు ప్రచురణకర్త లెక్క మాత్రమే, కథ లెక్క కాదు. అట్ట మీద నాలుగంకెల నంబరు చూసి ఇన్ని వేల పుస్తకాలు వెనక్కి వెళ్లి చదవాలా అని గుండెలు బాదుకోనక్కర్లేదు, ఏది చేతికొస్తే అది చదువుకోవచ్చు. అందులోనూ అప్పుడప్పుడు మూడు నాలుగు పుస్తకాల చిన్న గొలుసు ఒకటి ఉంటుంది, ఉంటే అట్ట మీదే విడిగా రాస్తారు.

కొనేముందు తెలుసుకోవడం చాలా తేలిక. మొదటి పుస్తకం వెనక అట్ట మీద రాసింది చదవండి, తర్వాత రెండోదాని వెనక రాసింది చదవండి. రెండింట్లోనూ అవే రెండు పేర్లుంటే ఒకే జంట సిరీస్, వరసలోనే చదవాలి, వేరే దారి లేదు. పేర్లు మారితే జంటలు మారే సిరీస్. రెండు నిమిషాల పని, కానీ నాలాంటి బద్ధకస్తులు చేయరు.

ఇక స్టాండలోన్ అనే ముద్ర గురించి. ఏ పుస్తకానికి ఆ పుస్తకం విడిగా చదువుకోవచ్చు అని దాని అర్థం, అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. ఆ పుస్తకంలో ఉన్న జంట కథ అందులోనే మొదలై అందులోనే తేలుతుంది, అంతవరకే వాళ్ల హామీ. పాత జంటలు అప్పటికే పెళ్లి చేసుకునో, పాపని ఎత్తుకునో పక్కన కూర్చుని ఉంటారు. వాళ్లు కలుస్తారని ఎలాగూ తెలుసు కదా అంటారా, తెలుసు, కానీ ఎలా కలిశారో, మధ్యలో ఎవరు ఎవరికి ఏం దాచారో కూడా మాటల్లో జారిపోతుంది, అక్కడే నష్టం. నా పద్ధతి ఏంటంటే, కొత్త రచయిత అయితే ముందు ఏ పుస్తకం వస్తువు నాకు నచ్చేలా ఉందో దాన్నే తీసుకుంటాను, మొదటి నాలుగైదు అధ్యాయాలు చదువుతాను, రాత బాగుంటే అక్కడ ఆపేసి ఒకటో నంబరుకి వెళ్లిపోతాను. ఆపడం కష్టమే. అయినా ఆపండి.

వరస అంటే పుస్తకాలు అచ్చయిన వరస అనే నా ఉద్దేశం. కొన్ని సిరీసుల్లో నాలుగో పుస్తకం కథ మొదటిదానికంటే ఐదేళ్ల ముందు జరుగుతుంది, కాలం ప్రకారం పేర్చుకుని చదివితే ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది, ఉండదు, రచయిత మనకి ఏది ఎప్పుడు చెప్పాలని దాచుకున్నారో అదంతా తారుమారవుతుంది. 0.5, 1.5 లాంటి నంబర్లు కనిపిస్తే అవి మధ్యలో వచ్చే చిన్న నవలికలు. చాలామంది వాటిని వదిలేస్తారు. వీటి సంగతి చివర్లో చెప్తాను, నాకు వీటితో పాత లెక్కొకటుంది.

ఒకే జంట సిరీస్ అయితే ఇంకో జాగ్రత్త. మొదటి పుస్తకం సరిగ్గా గుండె జారే చోట ఆగిపోతుంది, క్లిఫ్‌హ్యాంగర్ అంటారే, అది. రెండో భాగం బయటికొచ్చిందో లేదో చూడకుండా రాత్రి పదకొండుకి మొదటిది పట్టుకోకండి. ఒకసారి ఇలాగే తెల్లవారుజామున మూడింటికి హీరోయిన్ తలుపు తీస్తే ఎదురుగా హీరో చేయి పట్టుకుని ఇంకెవరో నిలబడి ఉన్నారు, పుస్తకం అయిపోయింది, తర్వాతి భాగం రావడానికి ఏడు నెలలుంది. ఆ ఏడు నెలల్లో నేను పాత్రల పేర్లు కూడా మర్చిపోయాను, కోపం మాత్రం గుర్తుంది.

ముగింపు తెలిసిన కథలో ఏం చూడాలి

రొమాన్స్ చదవనివాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇదే, చివరికి కలుస్తారని తెలిసినప్పుడు చదవడం ఎందుకని. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి, ప్రేమకథ మధ్యలో ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ కలిగించేలా ఉండాలి. అంటే ఆ ముగింపు ఈ రకం పుస్తకానికి నియమం. పాఠకులు దాన్ని హెచ్‌ఈఏ (హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్) అంటారు, ఆ తర్వాత వాళ్లు ఎప్పటికీ సుఖంగా ఉన్నారు అనే పాత మాటకి పొట్టిపేరు. ప్రస్తుతానికి సుఖంగా ఉన్నారు, పెళ్లి దాకా ఇంకా రాలేదు అనే రకానికి హెచ్‌ఎఫ్‌ఎన్ (హ్యాపీ ఫర్ నౌ) అంటారు. రొమాన్స్ పాఠకురాళ్ల మీద జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు చేసిన, 1984లో వచ్చిన అధ్యయనంలో, కొందరు పాఠకురాళ్లు కొనేముందే చివరి పేజీలు తిరగేసి ఏడుపు ముగింపు కాదని ఖాయం చేసుకునేవాళ్లని ఉంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. టెన్షన్ భరించలేకపోతే మీరూ చూసుకోండి, ఎవరూ అడగరు.

కలుస్తారా లేదా అన్నది తేలిపోయింది కాబట్టి మన కళ్లు వేరే చోట పెట్టాలి. వీళ్లిద్దరికీ మధ్య అడ్డంగా ఉన్నదేంటి? పమేలా రీగిస్ అనే విమర్శకురాలు 2003లో రొమాన్స్ నవలకి ఎనిమిది అంగాలు ఉంటాయని రాసింది, పరిచయం, ఆకర్షణ, ప్రేమ చెప్పుకోవడం ఇలా, వాటిలో నాకు బాగా పనికొచ్చినవి రెండు. ఒకటి అడ్డంకి. రెండోది, ఇక వీళ్లు ఈ జన్మలో కలవరు అనిపించే ఘట్టం. సమకాలీన నవలల్లో ఇది దాదాపు ముప్పావు పుస్తకం దాటాక వస్తుంది, థర్డ్ యాక్ట్ బ్రేకప్ అని దీన్ని తిట్టుకోని పాఠకులు తక్కువ.

ఆ ఘట్టం రాగానే నేను ఒకటే అడుగుతాను. వీళ్లిద్దరూ ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే ఇది తేలిపోతుందా? తేలిపోతుంది అనిపిస్తే ఆ అడ్డంకి ఉత్తిదే, ఫోన్‌లో ఎవరిదో మెసేజ్ సగం చదివి పెట్టె సర్దుకోవడం, తలుపు చాటున నాలుగు మాటలు విని ఊరు వదిలిపోవడం, ఇవన్నీ పేజీలు నింపడానికి. మాట్లాడుకున్నా తేలదు, మాట్లాడితే ఇంకా లోతుకి దిగుతుంది అనిపిస్తే మాత్రం మంచి పుస్తకం చేతిలో ఉన్నట్టే. నా సైకిల్ హీరో పుస్తకంలో గొడవ ఇలా వస్తుంది. హీరోయిన్ మోకాలు నయమైందని డాక్టర్ చెప్తాడు, ఆమె మళ్లీ పరిగెత్తొచ్చు, కానీ ఆమెకి పరిగెత్తాలని లేదు. హీరో సంతోషంతో ఆమెకి చెప్పకుండా పోటీకి పేరు రాయించేస్తాడు. అతను చేసింది ప్రేమతోనే. ఆమెకి వచ్చిన కోపమూ న్యాయమైనదే. దెబ్బ తగలకముందు తానెవరో అతనికి అదే కావాలి, ఇప్పటి తాను కాదు అని ఆమెకి అనిపిస్తుంది, అది ఐదు నిమిషాల్లో తేలే సంగతా? నాకు ఆ అధ్యాయం రెండుసార్లు చదవాల్సొచ్చింది, మొదటిసారి అతని పక్షం, రెండోసారి ఆమె పక్షం.

సిరీస్ చదివేవాళ్లకి ఇక్కడ ఇంకో లాభం ఉంది. రెండు మూడు పుస్తకాలయ్యాక ఆ రచయిత జంటల్ని ఎలా విడదీస్తున్నారో పోల్చి చూడొచ్చు. ఒక జంట ఉద్యోగం వల్ల, ఒక జంట పాత భయం వల్ల, ఇంకో జంట కుటుంబం వల్ల విడిపోతే రచయిత కష్టపడుతున్నట్టు. నాలుగు పుస్తకాల్లోనూ నాలుగు జంటలూ చాటుగా విన్న మాటల వల్లే విడిపోతే, ఐదో పుస్తకానికి మీ సమయం ఖర్చు పెట్టకండి.

చదివేటప్పుడు

ఈ నవలలు చాలావరకు ఇద్దరి గొంతులతో నడుస్తాయి, ఒక అధ్యాయం ఆమె "నేను", తర్వాతిది అతని "నేను". అధ్యాయం నెత్తిన పేరుంటుంది, మనం చూడం. సగం పేజీ అయ్యాక "నా గడ్డం గీసుకుంటూ" అని వస్తే అప్పుడు ఉలిక్కిపడి వెనక్కి తిప్పుతాం. పేర్లు చూడటం అలవాటు చేసుకోండి, ఇంతకంటే కిటుకేమీ లేదు. కానీ ఒక పరీక్ష చేయొచ్చు, పేరు మీద వేలు పెట్టి మూసి ఒక పేరా చదవండి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ తప్పు మీది కాదు, ఇద్దరికీ ఒకే గొంతు ఇచ్చిన రచయితది.

ఆడియో వినేవాళ్లకి ఇక్కడ చిన్న తేడా తెలియాలి. డ్యూయల్ నరేషన్ అంటే ఆమె అధ్యాయాలన్నీ ఒకరు, అతని అధ్యాయాలన్నీ ఒకరు చదువుతారు, ఆమె అధ్యాయంలో అతని మాటలు కూడా ఆమె గొంతులోనే వస్తాయి. డ్యూయెట్ నరేషన్ అంటే ఎవరి మాటలు వాళ్లే చెప్తారు, నాటకంలా. నాకు రెండోదే ఇష్టం, ఒక ఆవిడ గొంతు బొంగురుగా మార్చి హీరోలా ప్రేమ విన్నవించుకుంటుంటే నాకు నవ్వాగదు.

పక్కపాత్రల్ని గమనించండి, జంటలు మారే సిరీస్‌కి అసలు రుచి అక్కడే. తర్వాతి పుస్తకం ఎవరిదో పసిగట్టడం ఒక ఆట. కథకి అవసరం లేకపోయినా ఒక పాత్రకి ఉద్యోగం, వృత్తి వివరం, కంటి రంగు కూడా చెప్పారంటే అనుమానించాలి. అతను ఒక అమ్మాయి పేరు వినగానే మాట మార్చాడంటే ఇక ఖాయం. నా పుస్తకంలో లేచి బయటికెళ్లిపోయిన చిన్న తమ్ముడు ఉన్నాడు కదా, ఐదో పుస్తకం అతనిదే. ఫోన్‌లో నాలుగు లైన్ల నోట్ పెట్టుకోండి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఎవరంటే పడదు, అంతే. ఏడాది తర్వాత కొత్త భాగం వచ్చినప్పుడు ఆ నాలుగు లైన్లు ప్రాణం నిలబెడతాయి.

అట్ట చూసి మోసపోకండి. గులాబీ రంగులో, బొమ్మల పుస్తకంలా ముద్దుగా ఉన్న అట్ట లోపల పడకగది సీన్లు పేజీలకి పేజీలు ఉండొచ్చు, చొక్కా లేని హీరో అట్ట లోపల తలుపు మూసేసి మర్నాటి ఉదయానికి వెళ్లిపోవచ్చు. తలుపు మూసే రకాన్ని క్లోజ్డ్ డోర్ అంటారు, మూయని రకాన్ని ఓపెన్ డోర్ అంటారు, ఎంత ఘాటో చెప్పడానికి స్పైస్ అనే మాట వాడతారు. ఒకే సిరీస్‌లో కూడా పుస్తకానికీ పుస్తకానికీ ఘాటు మారొచ్చు. బస్సులో పక్కవాళ్లు తొంగిచూసే చోట చదివే అలవాటుంటే ముందే కనుక్కోవడం మంచిది. అలాగే చాలామంది రచయితలు మొదటి పేజీల్లోనే పుస్తకంలో మరణం, గర్భస్రావం, హింస లాంటివి ఉంటే ముందుమాటగా చెప్తున్నారు. దాటేయకుండా చదవండి. సరదా కథ అనుకుని తెరిచి, మీ జీవితంలో మానుతున్న గాయం మీదే వెళ్లి పడితే ఆ రోజంతా పాడవుతుంది.

శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి ప్రేమ నటిస్తూ నిజంగా పడిపోవడం, విడిపోయినవాళ్లు మళ్లీ కలవడం, చిటపటలాడే అతను, నవ్వుతూ తిరిగే ఆమె, వీటిని ట్రోప్‌లు అంటారు. మీకేది పడుతుందో మీకు తెలిస్తే సగం పని అయినట్టే. అందరూ ఎగబడుతున్న పుస్తకం మీకు నచ్చకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, రాత బాగోక కాదు. నాకు శత్రువుల కథలు పడవు, రెండు వందల పేజీలు అవమానించినవాణ్ణి ముద్దు పెట్టుకుంటుంటే నాకు ఆమె మీద జాలేస్తుంది. విడిపోయి పదేళ్లకి కలిసేవాళ్ల కథ ఇవ్వండి, నిద్ర మానుకుని చదువుతాను.

విసుగొచ్చినప్పుడు

వస్తుంది. వరసగా నాలుగు పుస్తకాలు మింగేస్తే ఐదోదాంట్లో హీరోలందరూ ఒకేలా దవడ బిగిస్తున్నారని, హీరోయిన్లందరూ ఊపిరి బిగబట్టి వదులుతున్నారని కనిపించడం మొదలవుతుంది. నిజానికి మొదటి పుస్తకంలోనూ బిగించారు, అప్పుడు మనం గమనించలేదు. రెండు పుస్తకాలకోసారి ఇంకేదైనా చదవండి, హత్య కథో, చరిత్రో, ఏదైనా. తిరిగొచ్చేసరికి దవడలు మళ్లీ అందంగా ఉంటాయి.

జంటలు మారే సిరీస్‌లో మీకు నచ్చని జంటని దాటేయొచ్చు, పాపం ఏమీ కాదు, వాళ్ల సంగతి తర్వాతి పుస్తకంలో రెండు లైన్లలో తెలిసిపోతుంది. ఒకే జంట సిరీస్‌లో మాత్రం దాటడం కుదరదు, ఆపేయడమే. పావు పుస్తకం దాటినా వాళ్లిద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు మీకేమీ అనిపించడం లేదంటే ఆపేయండి. తర్వాత బాగుంటుందట అని వేరేవాళ్లు చెప్పిన మాట మీద నేను మూడు సిరీసులు లాగించాను, ఒక్కటీ బాగుపడలేదు.

చివరి పేజీల గురించి ఒక హెచ్చరిక. ఈబుక్‌లో కింద శాతం కనిపిస్తుంటుంది, 91 అని ఉంటే ఇంకా తొమ్మిది శాతం ఉందిలే, ఆమె అమ్మతో గొడవ తేలాలి, పెళ్లి సీన్ ఉండాలి అని తీరిగ్గా కాళ్లు చాపుకుని పేజీ తిప్పుతాం, ఎదురుగా కృతజ్ఞతలు. మిగిలిన తొమ్మిది శాతం తర్వాతి పుస్తకం మొదటి అధ్యాయం. అచ్చు పుస్తకంలోనూ ఇంతే, కుడిచేతి కింద మిగిలిన మందం చూసి మోసపోతాం. మొదలుపెట్టేముందే విషయసూచికలో ఎపిలాగ్, అంటే కథ అయ్యాక వచ్చే చివరి చిన్న అధ్యాయం, ఎక్కడుందో చూసుకోండి. ఆ నమూనా అధ్యాయం మాత్రం చదవకండి, ఎలాగూ తర్వాతి పుస్తకంలో మళ్లీ చదవాలి, పైగా ఇప్పుడే ముగిసిన జంట ఇంకా మనసులో ఉండగానే కొత్తవాళ్లని తెచ్చి కూర్చోబెట్టినట్టుంటుంది.

ఇక ఆ చిన్న నవలికలు, 0.5లు, 1.5లు. కొన్ని రచయిత ఈమెయిల్ ఉత్తరాల జాబితాలో చేరినవాళ్లకి ఉచితంగా పంపిస్తారు, కొన్ని సంకలనాల్లో వస్తాయి, బోనస్ ఎపిలాగ్ అని విడిగా కూడా ఉంటాయి. లేకపోయినా కథ అర్థమవుతుంది అని అందరూ అంటారు, నేనూ నమ్మాను. నిచ్చెన సంగతి తెలుసుకోవాలని ఒకటో పుస్తకం చదివాను, లేదు. రెండోది చదివాను, అందులోనూ ఎవరో మళ్లీ నవ్వుతారు తప్ప సంగతి లేదు. ఐదోది, చిన్న తమ్ముడి పుస్తకం, అందులో "ఆ రాత్రి నిచ్చెన దగ్గర" అని ఒక వాక్యం మొదలై ఎవరో తలుపు కొట్టడంతో ఆగిపోతుంది. చివరికి అది 1.5లో దొరికింది, మొత్తం డెబ్బై పేజీల నవలికలో ముప్పై ఒకటో పేజీ, పెద్ద వదిన తాళం చెవి లోపల మర్చిపోయి కిటికీలోంచి ఇంట్లోకి దూరబోతే నిచ్చెన పట్టుకోవాల్సిన చిన్న తమ్ముడు రోడ్డు మీద వెళ్తున్న ఒక అమ్మాయిని చూస్తూ వదిలేశాడు. పదకొండు లైన్లు. ఆ అమ్మాయే ఐదో పుస్తకం హీరోయిన్, ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు, తెలిసి కూడా ఆ పదకొండు లైన్లు చదివి ఒక్కదాన్నే గదిలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను.